అడవి నీడలో తేయాకు: జింగ్మాయ్ కొండ గ్రామముల కట్టుబాట్లు

నేడు తేనీరు త్రాగని గ్రామము లేదన్నను అతిశయోక్తి కాదు. పొలమునకు పోవు రైతుకు, పాఠశాలకు పోవు ఉపాధ్యాయునకు, పంచాయతీ సమావేశమునకు వచ్చు సభ్యునకు ఉదయమున తేనీరు అలవాటైపోయినది. అయినను ఆ ఆకు ఎట్టి చెట్టునుండి వచ్చునో ఎరిగినవారు కొలదిమంది మాత్రమే. నడుము ఎత్తున కత్తిరించిన పొదల వరుసలను చిత్రములలో చూచి, తేయాకు ఒక చిన్న పొద యని మనము తలంచుచుందుము. నిజమునకు తేయాకు ఒక వృక్షము. కత్తిరింపక విడిచినచో కొన్ని రకములు 10 మీటర్లకు మించి పెరుగును.

చైనా దేశపు నైరుతి మూలన యున్నాన్ అను రాష్ట్రము కలదు. అక్కడి కొండ అడవులలో వందల సంవత్సరముల నాటి తేయాకు చెట్లు నేటికిని చిగురించుచున్నవి. వాటి ఆకునకు నగరములలో మిక్కిలి గొప్ప ధర పలుకుచున్నది. అయితే ఈ వ్యాసము ఆ తేనీటి రుచిని వర్ణించుటకు కాదు. అంత విలువగల చెట్లను నరికివేయకను, పిండివేయకను, వేయి సంవత్సరములుగా నిలుపుకొన్న గ్రామములు ఏమి చేసినవో తెలిసికొనుట మన పంచాయతీ సభ్యులకు ఉపయోగకరము.

అడవి చెట్టు, నాటిన చెట్టు

"అడవి తేయాకు" అను మాటను వర్తకులు విరివిగా వాడుదురు. కాని ఆ మాటలో రెండు వేర్వేరు వస్తువులు కలసియున్నవి. మొదటిది, ఎవరును నాటకుండ అడవిలో దానంతట అదే మొలచి పెరిగిన చెట్టు. ఇట్టి చెట్లు యున్నాన్ ఎత్తు కొండలపై దట్టమైన అడవుల నడుమ కలవు. వీనిలో కొన్ని తేయాకునకు దగ్గర చుట్టములైన వేరు జాతులు. కొన్నిటి ఆకు మిక్కిలి చేదు. అన్నియు త్రాగుటకు తగినవి కావు. రెండవది, పూర్వికులు అడవి చెట్ల నీడలో విత్తి పెంచగా ముదిరిన చెట్టు. చూచువారికి ఇదియు అడవి చెట్టువలెనే కనబడును. కాని దానికి యజమాని కలడు. దానిని తరతరములుగా కాపాడిన గ్రామము కలదు. నేడు విపణిలో పేరొందిన ప్రాచీన వృక్షముల తేయాకులో అధిక భాగము ఈ రెండవ తరగతికి చెందినదే.

చెట్ల వయస్సును గూర్చియు కొంత జాగ్రత్త అవసరము. ఒక్కొక్క చెట్టునకు వేయి ఏండ్లనియు, మూడువేల ఏండ్లనియు చెప్పుట వాడుక. ముదిరిన తేయాకు చెట్టు వయస్సును కచ్చితముగా లెక్కించుట కష్టము. కావున ఆ సంఖ్యలను అంచనాలుగానే గ్రహింపవలెను. వయస్సు ఎంతయైనను ఒక మాట నిశ్చయము: పోయిన చెట్టు తిరిగి రాదు. యున్నాన్ దక్షిణ భాగమందలి బాదా కొండపై 1961వ సంవత్సరమున ఒక మహావృక్షము గుర్తింపబడి, అడవి తేయాకునకు నిదర్శనముగా ప్రసిద్ధి కెక్కినది. అది 2012వ సంవత్సరమున కూలిపోయినది. అంతటి ప్రఖ్యాతియు దానిని తిరిగి నిలుపజాలకపోయినది.

అస్సాముతో చుట్టరికము

యున్నాన్ పెద్దాకు తేయాకు మన దేశమునకు క్రొత్తది కాదు. అస్సాము తేయాకును అదియు ఒకే రకమునకు చెందినవి. 1823వ సంవత్సరమున రాబర్ట్ బ్రూస్ అను స్కాట్లండు వర్తకుడు ఎగువ అస్సామునకు పోగా, సింగ్‌ఫో అను గిరిజన తెగ నాయకుడైన బీసా గామ్ ఆ అడవులలో పెరుగు తేయాకును గూర్చి అతనికి తెలిపెను. సింగ్‌ఫో ప్రజలు అంతకు పూర్వమే ఆ ఆకును వెదురు బొంగులలో కూరి, పొగపై ఆరబెట్టి, కాచుకొని త్రాగుచుండిరి. 1839వ సంవత్సరము జనవరిలో అస్సాము తేయాకు లండనులో మొదటిసారి వేలమునకు వచ్చినది.

అటుపిమ్మట అస్సామున జరిగినది వేరు మార్గము. కంపెనీలు అడవిని నరికి, నేలను చదునుచేసి, చెట్టును నడుము ఎత్తున కత్తిరించి, పొదగా మార్చి పెంచినవి. కోతకు అవసరమైన కూలీలను దూరప్రాంతములనుండి తరలించినవి. నాటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్టణము జిల్లాల నుండియు జనులు ఆ తోటలకు పోయిరి. తెలుగు మాటలాడు కుటుంబములు నేటికిని అస్సాము తోటలలో కలవు. ఆకు విస్తారముగా పండినది. కాని అడవియు, దానిపై గ్రామమునకు గల అధికారమును పోయినవి. ఒకే జాతి వృక్షము ఒకచోట కంపెనీ తోట యైనది. ఇంకొకచోట గ్రామపు ఉమ్మడి రక్షణలో అడవిగానే నిలిచినది. ఆ రెండవ చోటు జింగ్మాయ్ కొండ.

కొండపై తొమ్మిది పల్లెలు

యున్నాన్ రాష్ట్రమున పూఅర్ నగరపాలనకు లోబడిన లాన్‌చాంగ్ అను జిల్లాలో, బర్మా సరిహద్దునకు చేరువగా, జింగ్మాయ్ కొండ కలదు. దాని ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 1,100 మీటర్లనుండి 1,600 మీటర్ల వరకు నుండును. ఉదయము వేళ పొగమంచు కొండ నడుమను కప్పియుండును. బ్లాంగ్ అనియు, దాయ్ అనియు రెండు తెగలవారు ప్రధానముగా అక్కడ నివసించుచున్నారు. క్రీస్తుశకము 10వ శతాబ్దమునుండి వారు అక్కడ తేయాకు పెంచుచున్నారు.

2023వ సంవత్సరము సెప్టెంబరు నెలలో రియాద్ నగరమున జరిగిన సమావేశమందు ఐక్యరాజ్యసమితి విద్యా వైజ్ఞానిక సాంస్కృతిక సంస్థ, అనగా యునెస్కో, జింగ్మాయ్ కొండను ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. ఐదు పెద్ద ప్రాచీన తేయాకు వనములు, తొమ్మిది గ్రామములు, వనములను వేరుచేయుచు నిలిచిన మూడు రక్షక అరణ్యములు ఈ స్థలమునందు చేరియున్నవి. విస్తీర్ణము సుమారు 7,160 హెక్టారులు, అనగా దాదాపు 17,700 ఎకరములు. యునెస్కో ప్రశంసించినది చెట్లను మాత్రమే కాదు. స్థానిక ప్రజలు నడపుకొను పరిపాలన పద్ధతిని కూడ అది ప్రత్యేకముగా పేర్కొన్నది.

బ్లాంగ్ ప్రజలకు పా ఐలెంగ్ అను మూలపురుషుడు కలడు. తేయాకు నాటుట నేర్పినవాడు అతడే యని వారి విశ్వాసము. అవసానకాలమున అతడు సంతతికి ఏ ఆస్తి విడువవలెనని ఆలోచించెనట. పశువులను విడిచినచో తెగులు వచ్చి చచ్చును. బంగారము విడిచినచో ఖర్చయి తీరిపోవును. తేయాకు చెట్లను విడిచినచో తరతరములకు అనుభవించుటకు మిగులునని తలంచి వానినే అప్పగించెనని కథ. ప్రతి వసంతమునను వారు అతనిని పూజింతురు. కుటుంబపు వనమునందు మొదట నాటిన చెట్టును ఆత్మగల చెట్టుగా భావించి, తొలి కోతకు ముందు దానికి నైవేద్యము సమర్పింతురు. వనదేవతకు మ్రొక్కి అడవి ఫలములు కోయు మన మన్యము ప్రజలకు ఈ ఆచారము వింతగా తోచదు.

చెట్ల క్రింద సేద్యము

ఈ వనములు ఏర్పడిన విధము గమనింపదగినది. పూర్వికులు అడవిని పూర్తిగా నరకలేదు. అక్కరలేని చెట్లను మాత్రము తీసివేసి, నీడనిచ్చు పెద్ద వృక్షములను విడిచి, వాని క్రింద తేయాకు నాటిరి. అందువలన వనమునందు మూడు అంతస్తులు ఏర్పడినవి. పైన గొడుగువలె పెద్ద వృక్షములు. నడుమ తేయాకు చెట్లు. క్రింద గడ్డియు, మూలికలును, కూరాకులును.

పై చెట్ల నీడవలన ఎండవేడిమి తగ్గి, నేలలో తేమ నిలుచును. రాలిన ఆకులు మ్రగ్గి ఎరువగును. పక్షులును సాలెపురుగులును చీడపురుగులను తినును. గ్రామములకును వనములకును నడుమ నిలిపిన రక్షక అరణ్యములు గాలిని, మంచును, తెగుళ్ళ వ్యాప్తిని ఆపును. ఈ కారణములవలన రసాయనిక ఎరువులును, పురుగుమందులును లేకుండగనే చెట్లు శతాబ్దములు నిలిచినవి. విత్తనముచే మొలచినవి గావున ఏ రెండు చెట్లును ఒకటిగా నుండవు. ఒక తెగులు వచ్చినను అన్నియు ఒక్కసారిగా నశింపవు. ముదురు కొమ్మలపై బదనిక వంటి మొక్క పెరుగును. పీత కాళ్ళవలె కణుపులతో నుండు ఆ బదనికను కూడ ఎండబెట్టి విక్రయింతురు.

ఈ సేద్యమునకు లోపమును కలదు. ఎకరమునకు వచ్చు దిగుబడి తక్కువ. అందుచేతనే 1970, 1980 దశాబ్దములలో దిగుబడి పెంచు ఉద్దేశముతో కొండవాలులపై మెట్లు కట్టి, దట్టమైన వరుసలలో పొట్టి తేయాకు పొదలను నాటు పద్ధతి ఆ ప్రాంతమున వ్యాపించినది. నీడచెట్లు పోయినవి, ఎరువులు, మందులు వచ్చినవి. పిదప 2010వ సంవత్సరమున పూఅర్ నగరపాలనవారు ఆ మెట్ల తోటలలో పొదలను పలుచనచేసి, నడుమ నీడచెట్లు నాటించు కార్యక్రమము చేపట్టిరి. ఏండ్ల తరబడి పెంచిన పొదలను పెరికివేయుటకు రైతులు వెనుదీసిరి. దిగుబడి పడిపోవునని శంకించిరి. పూర్వికులు చేసిన సేద్యమునే తిరిగి తెచ్చుటకు ఇంత శ్రమ పడవలసివచ్చినది.

ఆకు బిళ్ళగా మారు విధము

వసంతమున మార్చి, ఏప్రిల్ మాసములలో తొలి కోత జరుగును. ఆడువారును మగవారును చెట్లెక్కి, ఒక మొగ్గను దాని ప్రక్కనున్న రెండు లేత ఆకులను చేతితో గిల్లుదురు. వరి పూతకు వచ్చు శరత్కాలమున మరియొక కోత కలదు. దానిని "ధాన్యపు పూత తేయాకు" అందురు.

కోసిన ఆకును నీడలో పరచి వాడబెట్టి, వేడి మూకుడులో చేతులతో కలియద్రిప్పి, నలిపి, ఎండలో ఆరబెట్టుదురు. సుమారు 4 కిలోల పచ్చి ఆకు ఎండినచో ఒక కిలో అగును. పిమ్మట దానిని ఆవిరిపై మెత్తబరచి, గుండ్రని బిళ్ళలుగా అదుముదురు. ఒక బిళ్ళ బరువు వాడుకగా 357 గ్రాములు. ఏడు బిళ్ళలను వెదురు పొరలో చుట్టగా సుమారు రెండున్నర కిలోల కట్ట యగును. పూర్వము కంచరగాడిదల బిడారులు ఈ కట్టలను మోసికొని టిబెట్టు వరకు పోవుచుండెడివి. పూఅర్ పట్టణపు సంతలో అమ్ముడగుటచే ఈ తేయాకునకు పూఅర్ అని పేరు వచ్చినది. ఏండ్లు నిలువచేసినకొలది దీని రుచి మారును. పాతబడినకొలది ధర పెరుగును. ఈ గుణమే తరువాత ఒక ఉపద్రవమునకు కారణమైనది.

ధర పెరిగిననాడు

1990 దశాబ్దము తరువాత హాంకాంగు, తైవాను వర్తకులును, పిమ్మట చైనా నగరవాసులును పూఅర్ తేయాకును వెదకసాగిరి. నిలువచేసిన బిళ్ళ బంగారమువంటిదని ప్రచారము సాగినది. త్రాగువారికంటె దాచి అమ్మదలచినవారు ఎక్కువైరి. 2007వ సంవత్సరము వసంతమున ధరలు శిఖరము నంటినవి. ఆ సంవత్సరము నడుమనే అవి కుప్పగూలినవి. అప్పుచేసి సరకు నిలువచేసిన వర్తకులు నష్టపోయిరి. ఆకు కొనువారు లేక రైతులు దిక్కుతోచక నిలిచిరి.

ధర పడిపోయినపుడు కలిగిన కష్టము అందరికిని తెలియును. ధర పెరిగినపుడు కలుగు హాని అంత సులభముగా కానరాదు. చిగురు వేసిన ప్రతిసారియు గిల్లుటచే ముసలి చెట్లు నీరసించును. ఎక్కువ ఆకు రావలెనని కొమ్మలు నరకుటయు, ఎండ తగులుటకై నీడచెట్లను తొలగించుటయు, ఎరువు వేయుటయు ఆరంభమగును. అన్నిటికంటె పెద్ద ప్రమాదము కల్తీ. దిగువ తోటలలోని చౌక ఆకును రాత్రివేళ కొండపైకి తెచ్చి, ముసలి చెట్ల ఆకుతో కలిపి అమ్మినచో, ఒక ఇంటివారికి ఆనాడు లాభము. కాని ఆ మాట బయటపడినచో కొండ యంతటి పేరును చెడును. పేరు ఒక ఇంటి ఆస్తి కాదు. అది గ్రామపు ఉమ్మడి ఆస్తి.

గ్రామముల కట్టుబాట్లు

ఈ ప్రమాదమును జింగ్మాయ్ గ్రామములు కట్టుబాట్లతో ఎదుర్కొన్నవి. ప్రాచీన వనములలో రసాయనిక ఎరువులును, పురుగుమందులును వాడరాదు. వసంతమునను శరత్తునను మాత్రము కోసి, వేసవి చిగురును చెట్టునకే విడువవలెను. రక్షక అరణ్యములందు చెట్లు నరుకరాదు. బయటి ఆకును కొండమీదికి తేరాదు. ఈ నియమములను గ్రామస్థులే అంగీకరించి, ఒకరినొకరు కనిపెట్టుచు అమలుజరుపుచున్నారు.

ప్రభుత్వ శాసనము వీనికి వెనుక బలముగా నిలిచినది. పూఅర్ తేయాకు అను పేరు యున్నాన్ పెద్దాకునకే చెల్లునని 2008వ సంవత్సరమున జాతీయ ప్రమాణము నిర్ణయించినది. ప్రాచీన తేయాకు వృక్షముల రక్షణకై పూఅర్ నగరపాలన చేసిన నిబంధనలు 2018లోను, యున్నాన్ రాష్ట్రము చేసినవి 2023లోను అమలులోనికి వచ్చినవి. అయినను శాసనము కొండ క్రిందనుండి ప్రతి చెట్టును చూడజాలదు. వేసవియందు ఎవరి వనములో ఎవరు కోయుచున్నారో తెలిసికొనగలవాడు ప్రక్కవనము వాడే.

కట్టుబాటు వలన కొంత నష్టము లేకపోలేదు. వేసవి కోత మానినవారు ఆ మేరకు ఆదాయము వదలుకొనుచున్నారు. ముసలి చెట్లు విస్తారముగా గల కుటుంబమునకు ఇది భారము కాదు. కొలది చెట్లు మాత్రమే గలవానికి అది కష్టమే. ప్రపంచ ఖ్యాతి వచ్చిన పిమ్మట యాత్రికుల రాకయు, క్రొత్త కట్టడముల ఒత్తిడియు పెరుగుట సహజము. కావున కట్టుబాటు ఒకనాడు చేసి విడుచునది కాదు. సమస్య మారినకొలది గ్రామము కూర్చుండి దానిని తిరిగి చర్చింపవలెను.

మన మన్యమునకు వర్తించునది

మన రాష్ట్రమందు తేయాకు ప్రధానమైన పంట కాదు. కాని నీడ సేద్యము మనకు తెలియనిది కాదు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములందు గిరిజన రైతులు పోడు సేద్యమునకు బదులుగా కాఫీని చేపట్టి, సిల్వర్ ఓక్ మొదలగు నీడచెట్ల క్రింద పెంచుచున్నారు. ఆ చెట్లపైకి మిరియపు తీగెలు ప్రాకించుచున్నారు. 2019వ సంవత్సరమున అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. జింగ్మాయ్ వలెనే ఇచ్చటను నీడచెట్టే పంటకు ప్రాణము. ఊరి పేరే ధరకు మూలము.

జింగ్మాయ్ గ్రామములకు కట్టుబాటుచేయు అలవాటు కలదు. మన గ్రామసభలకు చట్టము ఇచ్చిన అధికారమును కలదు. షెడ్యూల్డు ప్రాంతములకు పంచాయతీలను విస్తరించిన 1996వ సంవత్సరపు చట్టము చిన్నతరహా అటవీ ఫలసాయముపై గ్రామసభకును పంచాయతీకిని హక్కు కల్పించినది. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము, ఉమ్మడి అటవీ సంపదను కాపాడుకొను నియమములు చేయుటకు గ్రామసభకు అధికారమిచ్చినది. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘము నేర్పరచి, ఊరిలోని చెట్టుచేమలను, వానిని గూర్చి పెద్దలకు గల జ్ఞానమును పుస్తకమునందు నమోదు చేయవలెను.

కావున మన్యమందలి పంచాయతీ సభ్యులు మూడు పనులను తలపెట్టవచ్చును. మొదటిది, ఊరి పరిధిలోని ముదురు చింత, పనస, ఇప్ప, కరక చెట్లను లెక్కించి ఆ పుస్తకమున వ్రాయించుట. లెక్కలో లేని చెట్టు గొడ్డలికి ముందు పోవును. రెండవది, ఏ ఫలసాయమును ఏ నెలలో కోయవలెనో, ఏ నెలలో విడువవలెనో గ్రామసభలో తీర్మానించుట. తేనె పట్టునంతయు పిండినచోటను, కొమ్మ నరకి కాయ దులిపినచోటను మరుసటి ఏడు సంత బోసిపోవును. మూడవది, ఊరి పేరుతో అమ్ముడగు సరకులో కల్తీ జరుగకుండ అందరును పూచీపడుట. తీర్మానము చేయునపుడు కొలది చెట్లు మాత్రమే గల పేద కుటుంబముల కష్టమును మరువరాదు. వారు అంగీకరింపని కట్టుబాటు నిలువదు.

జింగ్మాయ్ కొండపై ఒక తరమువారు నాటిరి. పిదప నలుబది తరములవారు వేసవి చిగురును చెట్టునకు విడిచిరి. నేడు వారి మనుమలకు ఆ చెట్టే అన్నము పెట్టుచున్నది. మన ఊరి పొలిమేరలోని ముదురు చెట్టుకు కూడ రాబోవు గ్రామసభలో ఒక తీర్మానము దక్కునట్లు చూచుట సభ్యుల ధర్మము.